ఒక మిరప మొక్కని చలికాలం దాటించడం

మా పెరట్లో మూడు మిరప మొక్కలుండేవి. చలికాలానికి ఇంట్లో చోటున్నది ఒక్కదానికే. 2022 అక్టోబరు మూడో వారంలో ఒక సాయంత్రం, ఆ రాత్రి ఉష్ణోగ్రత సున్నా కిందకి దిగుతుందని ఫోను చెప్పాక, చేతిలో చిన్న పారతో ఆ మూడింటి ముందూ కాసేపు నిలబడ్డాను. మూడూ ఒకే కాయలోంచి తీసిన గింజలు. ఒకే వారంలో మొలిచాయి. ఒకదానికి కాపు బాగుంది. ఒకదానికి కొమ్మలు బాగా విచ్చుకున్నాయి. మూడోది కాస్త పొట్టిగా, పక్కకి ఒరిగి ఉంది. నేను తవ్వి తీసింది పొట్టిదాన్ని. పెద్ద కారణం ఏమీ లేదు, నా దగ్గరున్న కుండీలో అది పడుతుంది.

తెల్లారి చూస్తే మిగిలిన రెండూ ఉడికించిన తోటకూరలా వేలాడుతున్నాయి. లోపల బేస్‌మెంట్లో ఉన్న మూడోదాన్ని చూడ్డానికి మెట్లు దిగుతున్నప్పుడు, దాని మీద ముందు రోజు లేని మమకారం ఒకటి నాకప్పటికే పుట్టేసింది. ఈ వ్యాసం ఆ మమకారం గురించి. అది న్యాయమైనదేనా అన్నది నా సందేహం.

మేం ఉండేది నేపర్‌విల్‌లో, షికాగోకి పడమటి శివారు. ఇక్కడి చలి ఎలా ఉంటుందో కొత్తగా వచ్చినవాళ్ళకి చెప్పాలంటే అందరూ 2019 జనవరి 30నే తల్చుకుంటారు. ఆ రోజు షికాగోలో మైనస్ 23 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో సున్నాకి 30 డిగ్రీలు కింద. నా సొంతూరు ఉంగుటూరు. (కృష్ణా జిల్లాలో ఇంకో ఉంగుటూరుంది, అది కాదు. ఇది ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య హైవే మీద వచ్చేది.) అక్కడ సంక్రాంతి నెలలో తెల్లవారుజామున 17, 18 డిగ్రీలు ఉంటే చలి చంపేస్తోందని మఫ్లర్లు చుట్టుకుంటాం. పక్కనే కొల్లేటికి ఎక్కడెక్కడి పక్షులో చలి తప్పించుకోడానికి వచ్చేది ఆ చలిలోకే.

కాబట్టి మిరప మొక్కని చలికాలం దాటించడం అనే పని ఉంగుటూర్లో లేదు. అక్కడ ఆ ప్రశ్నే పుట్టదు.

మా ఇంటి వెనక నూతి పక్కన ఒక మిరప మొక్క ఉండేది. మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ, బియ్యం కడిగిన నీళ్ళు దాని పాదులో పోసేది. పేనుబంక పడితే పొయ్యిలో బూడిద చల్లేది. ఆకు ముడుచుకుపోయి ఇక లాభం లేదనుకున్నప్పుడు కత్తిపీట పట్టుకెళ్ళి మోకాలెత్తు దాకా కోసేసేది. పది పదిహేను రోజుల్లో మళ్ళీ చిగురు. నేను ఇంజనీరింగ్‌కి వెళ్ళేటప్పుడు ఉంది, రెండేళ్ళ తర్వాత సెలవులకి వచ్చినప్పుడూ అదే ఉంది. కాండం నిమ్మ చెట్టు కాండంలా బెరడు కట్టి ఉండేది. దానికి ఎన్నేళ్ళని ఎవరూ లెక్కపెట్టలేదు. అదసలు ఆ మొక్కేనా, మధ్యలో ఎప్పుడో చచ్చిపోతే మామ్మ ఇంకోటి నాటిందా అన్నది కూడా నేనిప్పుడు ఖాయంగా చెప్పలేను. ఆవిణ్ణి అడిగితే "మిరప మొక్క రా, ఎప్పుడూ ఉండేదే" అనేదనుకుంటా.

మిరపకి శాస్త్రీయ నామం క్యాప్సికం యానమ్. యానమ్ అంటే ఏకవార్షికం, ఒక్క ఏడాదిలో పుట్టి కాసి చచ్చిపోయేది. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన పేరు. పాపం ఆయన తప్పేం లేదు, ఆయన ఊళ్ళో చలికి వదిలేస్తే అది ఒక్క ఏడాదే బతుకుతుంది. కానీ దాని పుట్టిల్లు మెక్సికో వైపు. మంచు గడ్డకట్టని చోట ఏళ్ళ తరబడి బతికే మొక్క అది. ఒక చలి దేశంలో కనబడిన ఆయుష్షు, దాని స్వభావంగా పుస్తకాలకెక్కింది. మిరియాన్ని తప్ప ఇంకో కారాన్ని పెద్దగా ఎరగని మన దేశానికి పదహారో శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళ వల్ల ఇది చేరింది. మిరియం పేరునే కాస్త మార్చి దీనికి తగిలించుకుని, ఇప్పుడు గుంటూరు పేరు చెప్పుకుంటున్నాం. ఆ లెక్కన నా మొక్క అమెరికా రావడం పరాయి దేశం రావడం కాదు, పుట్టింటికి రావడం. మెక్సికో నుంచి షికాగో ఎంత దూరమో తెలిసినవాళ్ళు ఈ మాటకి నవ్వుకోవచ్చు.

మామ్మ 2020లో పోయింది. ఆ ఏడాది ఎవరు ఎక్కడికి వెళ్ళగలిగారు గనక. 2022 జనవరిలో వెళ్ళినప్పుడు, నూతికి మూత వేసి దొడ్డంతా సిమెంటు చేయించాలని నాన్న మేస్త్రీతో మాట్లాడుతున్నారు. నడవలేని అమ్మ మోకాళ్ళకి ఆ పల్లం మిట్టల దొడ్డి ఇబ్బందే, కాదనడానికి నేనెవర్ని. మొక్కన పండిన కాయలు నాలుగు కోసి, ఎండబెట్టి, అమ్మ కట్టిచ్చిన ఎండుమిరపకాయల పొట్లంలో కలిపేసి తెచ్చుకున్నాను. నాటుకోడానికి విత్తనం తెచ్చుకుంటే దాంతో పాటు తెగుళ్ళు లేవన్న ధ్రువపత్రం ఉండాలన్న నియమం సంగతి నాకు ఆ తర్వాత తెలిసింది. తెలిశాక కూడా గింజల్ని పారెయ్యలేదు. ఈ విషయం దాచకుండా ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత జరిగిన దాని మొదలు ఇక్కడే ఉందని ఇప్పుడనిపిస్తోంది.

*

ఇంతకీ చలి దాటించే పద్ధతి ఇది. రాత్రుళ్ళు 10 డిగ్రీల సెల్సియస్ కిందకి పడుతున్నాయనగానే మొక్కని వేర్లతో సహా తవ్వి తీయాలి. కాయలు, పూలు, ఆకులు మొత్తం దూసెయ్యాలి. కొమ్మలన్నీ కొట్టేసి, కాండం రెండుగా చీలిన చోట జానెడు మాత్రం ఉంచాలి. వేర్లని కూడా కొంత కత్తిరించి, పాత మట్టి పోయేలా నీళ్ళతో కడిగి, కొత్త మట్టిలో చిన్న కుండీలో పెట్టాలి. తర్వాత దాన్ని 10 నుంచి 13 డిగ్రీలుండే చీకటి మూలకి చేర్చాలి. మూడు నాలుగు వారాలకోసారి ఒక గ్లాసు నీళ్ళు. అంతకన్నా పోస్తే వేరు కుళ్ళుతుంది. ఇలా చేసిన మొక్క చూడ్డానికి కుండీలో గుచ్చిన పంగలకర్రలా ఉంటుంది. ఐదు నెలలు అలా ఉంటుంది. బతికుందో లేదో తెలుసుకోవాలంటే గోటితో బెరడు కాస్త గీకి చూడాలి. కింద పచ్చగా ఉంటే ఉన్నట్టు.

మొదటి చలికాలం ఇలాగే చేశాను. అమ్మకి వీడియో కాల్లో చూపిస్తే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది: "ఏరా, గింజలున్నాయిగా నీ దగ్గర?"

"ఉన్నాయమ్మా."

"మరి దాన్ని ఎందుకు నాన్నా అలా హింస పెడతావ్? పీకేసి మార్చిలో నారు పోసుకో."

అమ్మ మాటకి జవాబు నాకు అప్పుడు దొరకలేదు. వెతికాను. దొరికిన మొదటి జవాబు తెలివైనది: మిరప ఎక్కువగా తన పూలతో తనే గింజ కడుతుంది గానీ, తేనెటీగలు వచ్చే చోట పక్క రకాలతో కలిసిపోతుంది కూడా. ఆ వేసవి మా కంచెకి అవతల పక్కింటాయన హలపీన్యో వేశాడు. కాబట్టి ఇక్కడ కాసిన కాయల గింజలు అచ్చంగా మామ్మ మిరపే అవుతాయన్న భరోసా లేదు, పాత మొక్కని కాపాడుకోవాల్సిందే. చూశారా, ఎంత బాగా కుదిరిందో. కానీ ఉంగుటూర్నుంచి తెచ్చిన అసలు గింజలు ఇంకా డెబ్భై దాకా కవర్లో ఉన్నాయి. నిర్ణయం ముందు, కారణం తర్వాత. ఆఫీసులో డిజైన్ డాక్యుమెంట్లు రాసేవాళ్ళకి ఈ క్రమం బాగా అలవాటే.

అమ్మ ప్రశ్నని ప్రోగ్రామర్ భాషలోకి మారిస్తే ఇలా ఉంటుంది. గింజ అంటే క్లాస్, మొక్క ఒక ఇన్‌స్టన్స్. క్లాస్ భద్రంగా ఉన్నప్పుడు ఇన్‌స్టన్స్ పోతే నష్టమేంటి? మళ్ళీ ఒకటి సృష్టించుకుంటే పోలా?

మా వృత్తిలో దీనికి సామెతలాంటి మాట కూడా ఒకటుంది. సర్వర్లని పెంపుడు కుక్కల్లా చూడకండి, మందలో పశువుల్లా చూడండి అని. వెనకటి రోజుల్లో ఒక్కో సర్వర్‌కీ ముద్దు పేరు పెట్టి, జబ్బు చేస్తే రాత్రంతా మేలుకుని బాగు చేసేవాళ్ళట. ఇప్పుడు వాటికి అంకెలే. ఒకటి మొరాయిస్తే చంపేసి ఇంకోటి లేపుతాం. నా ఉద్యోగంలో ఇది రోజూ చేసే పని, అందులో పాపం ఏమీ లేదు, పైగా వ్యవస్థ బాగా నడవడానికి అదే మంచిది. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు ఇబ్బంది కలిగింది వేరే కారణానికి. దీన్ని పుట్టించినవాడు పశువుల్ని వేల ఎకరాల్లో, చెవికి అంకె బిళ్ళతో చూసినవాడు. మా దొడ్లో గేదెలకి పేర్లుండేవి. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పేవి.

అలాగని మాది మహా కరుణ గల ఇల్లేమీ కాదు. ఒట్టిపోయిన గేదెని అమ్మేసేవాళ్ళం. ఎవరికి అమ్ముతున్నామో, తర్వాత అదేమవుతుందో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. లారీ వచ్చిన రోజు మామ్మ దొడ్లోకి వచ్చేది కాదు. అలాగని అమ్మొద్దని కూడా అనేది కాదు. మర్నాడు కొత్త గేదె వస్తే దానికి పసుపు రాసి పేరు పెట్టేది. ఒకదాని బదులు ఇంకోటి రావడమూ, ఒకదాని బదులు ఇంకోటి రాకపోవడమూ, రెండూ నిజమేనని ఆవిడకి తెలుసు. ఒక రోజు ఇంట్లోంచి బయటికి రాకపోవడం ఆ రెండింటికీ మధ్య ఆవిడ కట్టిన సుంకం. సర్వర్ల సామెతలో లేనిది ఆ సుంకమే. మమ్మల్ని "రిసోర్సులు" అనే మీటింగుల్లో కూడా అది లేదు. 2023 మొదట్లో మా టీమ్‌లో ఇద్దరి అకౌంట్లు ఒక బుధవారం పొద్దున్న పనిచెయ్యడం మానేశాయి. పదకొండింటికి మేనేజర్ పని ఎలా సర్దుకోవాలో స్లయిడ్ చూపించాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ స్లయిడ్ తప్పని కూడా నేను అనలేను.

*

మొక్కలకీ మనుషులకీ పోలిక పెడుతున్నానని ఎవరికైనా చిరాకు రావచ్చు. నాకూ వస్తుంది, అందుకే తేడా చెప్పుకోవాలి. పీటర్ సింగర్ 1979లో వచ్చిన 'ప్రాక్టికల్ ఎథిక్స్'లో, ఒక ప్రాణిని తీసేసి దాని చోట అంతే సుఖంగా బతికే ఇంకో ప్రాణిని తెస్తే నష్టం పూడినట్టేనా అన్న వాదాన్ని చర్చించాడు. తానంటూ ఒకటి ఉందనీ, తనకి రేపు ఉందనీ తెలిసిన ప్రాణుల విషయంలో ఆ లెక్క చెల్లదంటాడు. బాధే తెలియని మొక్క ఆయన తక్కెట్లోకే రాదు. ఇది నాకు ఒప్పుదలే. స్కూల్లో జగదీశ్ చంద్ర బోస్ పాఠం చదివి మొక్కలు ఏడుస్తాయని నమ్మిన తరంవాళ్ళం మనం. కానీ ఆయన చూపించింది స్పందన. స్పందన వేరు, బాధ వేరు. థర్మామీటర్ కూడా స్పందిస్తుంది.

తెలుగులో ఈ ప్రశ్న ఎత్తగానే అందరికీ గుర్తొచ్చేది కరుణశ్రీ 'పుష్పవిలాపం', అది కూడా ఘంటసాల గొంతులో. ఆ పద్యాల మీద నాకెప్పుడూ ఒక ఫిర్యాదు ఉంది. పువ్వుకి నోరిచ్చేశాక సమస్య సులువైపోతుంది. అలా మాట్లాడగల పువ్వుని ఎవడు మాత్రం తుంచుతాడు? నిజమైన ఇబ్బంది పువ్వు ఏమీ అనకపోవడంలో ఉంది. అది అడగదు, నిందించదు, క్షమించదు. మనం చేసే నిర్ణయం మొత్తం మన వైపే మిగిలిపోతుంది. బేస్‌మెంట్లో పంగలకర్రని చూస్తూ నాకు తట్టింది ఇదే. దీనికి బతకాలని ఉందో లేదో అన్న ప్రశ్నకి అర్థం లేదు. నాకు దీన్ని బతికించాలని ఉంది, అంతే. ఆ కోరిక బరువెంతో, దాన్ని ఎవరు మొయ్యాలో చూడాలి.

ఒక విషయం మాత్రం ఆ మొదటి చలికాలంలోనే తేలింది. ఈ మొక్కకి బదులు లేదన్నది దాని లోపల ఎక్కడా లేదు. గడ్డకట్టి చచ్చిపోయిన ఆ రెండింటికీ దీనికీ పుట్టుకలో తేడా లేదు. కుండీ పరిమాణం వల్ల ఇది గెలిచింది. ఆ తర్వాత ఐదు నెలలు నెలకోసారి ఒక గ్లాసు నీళ్ళు పట్టుకుని మెట్లు దిగి, గోటితో గీకి, పచ్చదనం చూసుకుని, మళ్ళీ మెట్లెక్కినవాడికి అది ప్రత్యేకమైంది. బదులు లేకపోవడమన్నది అలా తయారవుతుంది. ముందు చేతులు, తర్వాత మనసు. మా మామ్మ గుర్తుగా దాచానని అందరికీ చెబుతాను గానీ, మామ్మ గుర్తు ఆ రెండు మొక్కల్లో కూడా అంతే ఉంది కదా.

*

2023 మే నెలలో బయట పెట్టిన పది రోజులకి ఆ కర్ర చిగురు వేసింది. గింజ నుంచి వచ్చే మొక్కకన్నా నెలన్నర ముందే పూత. ఆ వేసవి కాపు చూసి గర్వం తలకెక్కింది. తెలిసినవాళ్ళందరికీ కవర్లలో పంచాను. అరోరా గుడి దగ్గర పార్కింగ్‌లో కూడా ఒకాయనకి ఇచ్చాను.

రెండో అక్టోబరు వచ్చింది. ఈసారి బేస్‌మెంట్‌కి పంపాలనిపించలేదు. అంత పచ్చటి మొక్కని ఏం మొండెం చేస్తాం అనుకున్నా. ఎల్ఈడీ గ్రో లైటు కొన్నాను, హాల్లో కిటికీ పక్కన పెట్టాను. ఆకులు దుయ్యలేదు, కొమ్మలు పైపైన కత్తిరించానంతే. బతికించడం నాకు చాల్లేదు, బతికున్నట్టు కనబడాలి. బయట మంచు పడుతుంటే లోపల పచ్చటి మిరప మొక్క, దాని మీద నాలుగు పండు కాయలు. ఫోటోలు చాలా తీశాను.

ఆ కిటికీ దగ్గరే మా ఆవిడ కరివేపాకు చెట్టు ఉంది. ఈ దేశంలో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో కరివేపాకు కుండీ గురించి వేరే చెప్పక్కర్లేదు. ఊరు మారేవాళ్ళు దాన్ని ఎవరికి అప్పగించాలా అని పిల్లకి సంబంధం చూసినట్టు చూస్తారు. ఈ చెట్టు అలా తన స్నేహితురాలు టెక్సస్ వెళ్ళిపోతూ ఇచ్చింది. ఆరేళ్ళది, తన భుజం దాకా ఉంటుంది.

చలికాలంలో హీటర్ నడిచే ఇంట్లో గాలి పొడిగా ఉంటుంది. వెచ్చదనం, పొడి గాలి, పచ్చటి ఆకు, ఈ మూడూ ఒక చోట ఉంటే ఎర్రనల్లికి పండగ. ఆకు అడుగున కంటికి ఆనీ ఆనని చుక్కలు, సన్నటి బూజు. బయటి నుంచి మిరపతో పాటే లోపలికి వచ్చుంటుంది. బేస్‌మెంట్లో ఆకు లేకుండా, చల్లగా ఉండుంటే అది తినడానికి ఏమీ ఉండేది కాదు. డిసెంబరు చివర్లో మిరప ఆకులు కిందకి ముడుచుకున్నాయి. జనవరి రెండో వారానికి కరివేపాకు రెమ్మలు పట్టుకుంటే రాలిపోతున్నాయి.

తను సత్తెనపల్లి దగ్గర మిరప రైతు కూతురు. నేను ఇంటర్నెట్లో చదివి తెలుసుకున్న ప్రతిదీ తను చిన్నప్పుడు చూసేసింది. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందకి ముడుచుకుంటే నల్లి అని నాకు చెప్పింది తనే. 2021లో నల్ల తామర పురుగు వచ్చి ఆంధ్రా, తెలంగాణల్లో మిరప పూతంతా తినేసినప్పుడు, మావయ్యగారు రెండెకరాలు పీకించేశారు. మందులు కొట్టీ కొట్టీ, అప్పులు పెరిగీ పెరిగీ, చివరికి కూలీలకి డబ్బిచ్చి మరీ పీకించారు. ఆ రోజు ఆయన ఫోన్లో మామూలుగానే మాట్లాడారట. పక్క చేలకైనా పోకుండా ఉంటుందిలే అన్నారట.

పీకెయ్యడం గురించి అప్పటిదాకా నాకొక అభిప్రాయం ఉండేది. లెక్కల మనస్తత్వమనీ, మొక్కని సరుకుగా చూడటమనీ. అమ్మ "పీకేసెయ్" అన్నప్పుడు నాలో ఎక్కడో ఒక చిన్న చూపు కూడా ఉండుంటుంది, ఇప్పుడు ఒప్పుకుంటున్నా. తెగులు సోకిన మొక్కని పీకి తగలెయ్యండి అని రేడియో వ్యవసాయ కార్యక్రమాల్లో ఎన్నిసార్లు విన్నామో. దాని వెనక ఉన్నది నిర్దయ కాదు. ఒక్క మొక్కకి కాక చేనుకి జవాబు చెప్పాల్సిన వాడి దయ అలాగే ఉంటుంది. ఒక్క మొక్కనే ప్రేమించే సౌకర్యం నాకుంది, ఎందుకంటే నాకున్నది ఒక్క మొక్కే. కనీసం నేనలా అనుకున్నాను. కిటికీ పక్కన ఇంకో చెట్టు కూడా ఉందన్నది నా లెక్కలోకి రాలేదు.

జనవరి మూడో ఆదివారం రాత్రి కరివేపాకు చెట్టు కింద రాలిన ఆకులు ఊడుస్తూ తను అంది: "మీ మామ్మ జ్ఞాపకానికి నా చెట్టు ఫీజు కట్టింది."

"పీకేస్తాను. రేపే పీకి గార్బేజ్‌లో వేసేస్తా" అన్నాను. నిజంగానే అన్నాను.

చీపురు ఆపి నా వైపు చూసింది. "నల్లి ఇప్పుడు నా చెట్టు మీద ఉంది. నీది పీకితే అది పోతుందా? నువ్వు త్యాగం చేశావని మళ్ళీ నేను బాధపడాలి, అంతేగా. పీకొద్దు. వచ్చి కడుగు."

ఈ ప్రశ్న మీద నేను చదివిన వాటన్నిటికన్నా ఆ నాలుగు మాటలు నాకు ఎక్కువ పనికొచ్చాయి. పీకెయ్యడం నాకు సులువైన దారి అని తను చూసింది. ఒక్క నిమిషం బాధ, తర్వాత ఖాతా మూసేసినట్టు. విలువైనదాన్ని వదులుకున్నానన్న తృప్తి మిగులుతుంది, కరివేపాకు మీద నల్లి కూడా మిగులుతుంది. నేను మొక్కని ఉంచుకోవచ్చా లేదా అన్న దగ్గర ఇరుక్కుపోయాను. తను అడిగింది ఖర్చు ఎవరు కడుతున్నారని. గింజలు తెచ్చిన రోజు నుంచీ నా మమకారానికి అయ్యే ఖర్చు ఇతరుల మీదే వేస్తూ వచ్చాను. విమానాశ్రయంలో తనిఖీ చేసేవాళ్ళ మీద, ఇల్లినాయ్ పొలాల మీద, తన చెట్టు మీద. దేనికీ ఏమీ కాకపోతే అది నా అదృష్టం గానీ మంచితనం కాదు.

ఆ రాత్రే మిరప మొక్క ఆకులన్నీ దూసి, కొమ్మలు కొట్టి, వేర్లు కడిగి బేస్‌మెంట్‌కి చేర్చాను. అక్టోబరులో చెయ్యాల్సింది జనవరిలో, అదీ నీరసించిపోయిన మొక్కకి. తర్వాత ఏడు వారాలు, మూడు రోజులకోసారి, కరివేపాకు కుండీని స్నానాలగదిలోకి ఈడ్చుకెళ్ళి సబ్బు నీళ్ళతో ఒక్కో ఆకు అడుగునా తుడిచాను. పై ఆకులు తుడిస్తే సరిపోదు, గుడ్లు అడుగునే ఉంటాయి. గుడ్లు పొదిగే లోపల మళ్ళీ తుడవాలి. ఒక్కసారికి గంటన్నర పట్టేది. రెండో వారంలో విసుగొచ్చింది. నాలుగో వారంలో ఒకటి గమనించాను. ఆ చెట్టులో ఏ రెమ్మ ఎటు తిరిగి ఉందో, ఏ కొమ్మ మీద పాత కత్తిరింపు గుర్తు ఉందో నాకు కంఠతా వచ్చేసింది. ముందు చేతులు అని పైన అన్నాను కదా. ఆరేళ్ళుగా పోపులోకి తుంపుకుంటున్నానే గానీ, ఆ చెట్టు అంతకుముందు నాకు క్లాస్ మాత్రమే.

చాలా ఆకులు పోయాయి. పై సగం కోసెయ్యాల్సి వచ్చింది, కోసింది తనే. ఏప్రిల్ మొదట్లో కింద కణుపు దగ్గర ఎర్రటి చిగురు రెండు చోట్ల కనబడింది. దాన్ని తను నాకు చూపించలేదు. నేనే చూశాను, నేనూ ఏమీ అనలేదు.

మిరప విషయం అంత తొందరగా తేలలేదు. మార్చిలో గోటితో గీకితే పైన గోధుమ రంగు, ఒక అంగుళం కింద గోధుమ రంగు, మట్టికి దగ్గరగా మాత్రం ఉందో లేదో అన్నంత పచ్చన. ఊరికే గీకుతూ ఉంటే ఆ గాయాలకే పోతుందని మానేశాను. అదే వారం కవర్లోంచి ఉంగుటూరు గింజలు పన్నెండు తీసి తడి గుడ్డలో కట్టాను. అమ్మ మాట విన్నానని చెప్పుకోడానికి కాదు, పాతది పోతే అన్న భయంతోనే. రెండేళ్ళు దాటిన గింజలు కదా, ఐదే మొలిచాయి.

మే నెల మధ్యలో అన్నీ బయట పెట్టాం. ఐదు నారు మొక్కలు, పాత పంగలకర్ర ఒకటి, కరివేపాకు. పాతది జూన్ దాకా కదల్లేదు. నీళ్ళు పోస్తున్నానని తెలిస్తే నవ్వుతారని ఎవరికీ చెప్పకుండా పోశాను. జూన్ రెండో వారంలో మట్టిలోంచే వచ్చినట్టు, కాండం అడుగున ఒక్క చిగురు. ఆగస్టులో అమ్మ వీడియో కాల్లో చూసి, "ఏది మామ్మది?" అంది.

"అన్నీ మామ్మవేనమ్మా."

"అదేలే. ఆ ముసలిది ఏది అంటున్నా."

చూపించాను. పక్కనున్న నారు మొక్కలకన్నా పొట్టిగా ఉంది, ఎప్పట్లాగే పక్కకి ఒరిగి. ఫోను దగ్గరగా పెట్టమంది. దొడ్డి సిమెంటు మీద కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది, వెనకాల మూత వేసిన నుయ్యి కనబడుతోంది. "దాని కింద ఆకులు రెండు తీసెయ్యి, మట్టికి తగులుతున్నాయి" అంది.

అక్టోబరు మళ్ళీ వస్తోంది. ఈసారి ఇంట్లో మాట అయిపోయింది. మిరప ఏదైనా సరే ఆకు లేకుండా బేస్‌మెంట్లోకే, హాల్లో కిటికీ కరివేపాకుది. లోపలికి తెచ్చే ముందు వేర్లు నేనే కడగాలి, తను చూసి సరేనన్నాకే మెట్లు దిగాలి. బేస్‌మెంట్లో ఇప్పటికీ ఒక్క కుండీకే చోటు. నారు మొక్కల్లో ఒకటి విరగకాసింది, ఆ కాయలు కారంగా, మామ్మ నాటి రుచికి దగ్గరగా ఉన్నాయి. పాతదానికి ఈ ఏడు పదకొండు కాయలే. గ్యారేజీలో ఇంకో కుండీ ఉందేమో వెతకాలి.